కట్టి చూడడం కాదు, చూసి కట్టడం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే ఉపాధ్యాయులము. ఇంజనీర్లము కాము. నిర్మాణ పనుల్లో కంప్యూటరు నమూనాల ఉపయోగం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "ఎవరైనా ఇంజనీరును పిలవండి సాబ్" అన్నాము. అందుకాయన, "ఇంజనీరు మాట్లాడితే ఇంజనీర్లకే అర్థమవుతుంది. మీరు తెలుసుకొని వచ్చి చెప్పండి, మా అందరికీ అర్థమవుతుంది" అన్నారు. కనుక చదివి, మా పాత విద్యార్థులను అడిగి తెలుసుకొన్న సంగతులే మీ ముందు పెడుతున్నాము. మా తెలుగులో ఎక్కడైనా ఉర్దూ యాస దొర్లితే మన్నించగలరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. రెండింటిలోనూ తప్పు జరిగిన తరువాత గాని తెలియదు. పెళ్ళి సంగతి మేము చెప్పలేము గాని, ఇంటి సంగతి మాత్రం మారింది. ఇప్పుడు కట్టి చూడనక్కర లేదు, చూసి కట్టవచ్చును. ఈ రోజు మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క ముక్కే.

ముందుగా మా ఇంటి కథ ఒకటి మనవి చేస్తాము. దాచుకోవలసిన కథే గాని, పదిమందికి పనికివస్తుందని చెబుతున్నాము.

కొన్నేళ్ళ క్రితం మేము, మా తమ్ముడు కలిసి ఉన్న ఇంటి మీద మేడ వేశాము. మా అబ్బాకు ఉబ్బసం. కింది గదుల్లో గాలి ఆడదు. మేడ మీద తూర్పు కిటికీతో ఒక గది వేసి అబ్బాను అందులో ఉంచాలని మా ఉద్దేశం. ఒకాయన చేత ప్లాను గీయించాము. పిల్లర్లు, బీముల కాగితం ఇంకొకాయన చేత వేయించాము. మేస్త్రి ఆ రెండు కాగితాలనూ గోడకు మేకు కొట్టి తగిలించుకొని పని మొదలుపెట్టాడు. స్లాబు పడింది. నీళ్ళు కట్టాము. సెంట్రింగు విప్పారు. సంతోషంగా మెట్లెక్కి చూద్దుము గదా, తొమ్మిదో మెట్టు మీద బీము నుదుటికి తగిలింది. మెట్టుకూ బీముకూ నడుమ అయిదడుగుల మూడంగుళాలే ఉంది. మామూలుగా ఏడడుగులైనా ఉండాలి.

మేస్త్రిని పిలిచాము. "నా తప్పేముంది సాబ్, కాగితంలో ఉన్నట్టే కట్టాను" అన్నాడు. ప్లాను గీసినాయన తన కాగితం తెచ్చి చూపించాడు. అందులో మెట్లు సరిగ్గానే ఉన్నాయి. బీములు వేసినాయన తన కాగితం చూపించాడు. అందులో బీము సరిగ్గానే ఉంది. రెండు కాగితాలూ ఒప్పే. ఇల్లు మాత్రం తప్పు.

ఎందువల్ల? ఆ రెండూ పై నుంచి చూసినట్టుగా గీసిన బొమ్మలు. పై నుంచి చూస్తే ఎత్తు కనబడదు. ఆ రెండింటినీ ఒకచోట చేర్చి, నిలువుగా నిలబెట్టి చూసినవారు ఎవరూ లేరు. లెక్కల పంతుళ్ళమై ఉండి మేమూ చూడలేదు.

మెట్లు పగలగొట్టి తిరిగి కట్టడానికి చేతిలో డబ్బు మిగలలేదు. బీముకు పాత బొంత చుట్టి తాడుతో బిగించాము. అబ్బాను మేడ మీది గదిలోకి మార్చాము. వారం తిరగకముందే, ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, ఆయన నీళ్ళ కోసం దిగి వస్తూ ఆ బీముకు తల కొట్టుకొని మెట్ల మీద కూలబడ్డారు. నుదుట మూడు కుట్లు పడ్డాయి. మరునాటి నుంచి ఆయన మేడ ఎక్కలేదు. "నాకు కిందే బాగుంది బేటా" అనేవారు.

ఆ కుట్లు పడిన నాటి నుంచి, ఇలాంటి తప్పును ముందే పట్టుకొనే దారి ఏమైనా ఉన్నదా అని మేము వెతుకుతూ వచ్చాము. ఉన్నది. దాని పేరు బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్. ఇంజనీర్లు పొట్టిగా బిమ్ అంటారు.

కట్టబోయేదానిని ముందుగా నమూనా చేసి చూసుకోవడం కొత్త సంగతి కాదు. ఇస్తాంబుల్ నగరంలో సులేమానియా మసీదును సినాన్ అనే మహాశిల్పి కట్టాడు. 1557లో పూర్తి అయింది. 1582లో ఆ నగరంలో జరిగిన గొప్ప ఉత్సవపు ఊరేగింపులో ఆ మసీదు నమూనాను మనుషులు మోసుకొని పోతున్నట్టు ఆ కాలపు చిత్రగ్రంథంలో బొమ్మ ఉన్నది. కర్రతోనో మట్టితోనో చేసిన నమూనాకు రూపం ఉంటుంది గాని, లోపల పైపులు, తీగలు, ఇనుము, ఖర్చు ఉండవు. కంప్యూటరు నమూనాలో అవన్నీ ఉంటాయి. తేడా అదే.

ఇంకా కొంచెం వివరంగా చెబుతాము. కాగితం మీద గాని, మామూలు కంప్యూటరు డ్రాయింగులో గాని గోడ అంటే రెండు గీతలు. అది గోడ అని మనకు తెలుసు, గీతకు తెలియదు. బిమ్ నమూనాలో గోడ గోడగానే ఉంటుంది. దాని పొడవెంత, ఎత్తెంత, మందమెంత, ఇటుకదా బ్లాకుదా, ఏ అంతస్తుది, అందులో ఏ తలుపు ఉన్నది, ఇదంతా దానిని అంటిపెట్టుకొనే ఉంటుంది. కిటికీని ఒక అడుగు పక్కకు జరిపితే ప్లానులో జరుగుతుంది, ముందు వైపు బొమ్మలో జరుగుతుంది, నిలువు కోత బొమ్మలో జరుగుతుంది, సామాను లెక్కలోనూ మారుతుంది. ఎందుకంటే అవి నాలుగు వేరు కాగితాలు కావు. ఒకే ఇంటిని నాలుగు వైపుల నుంచి చూసిన చూపులు.

అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే ఆచార్యుడు డ్రాయింగులకు బదులుగా కంప్యూటరును వాడడం గురించి 1975లోనే రాశాడు. హంగరీ దేశపు గ్రాఫిసాఫ్ట్ కంపెనీ 1980లలో ఆర్కికాడ్‌ను తయారుచేసింది. 2000లో రెవిట్ వచ్చింది. 2002లో దానిని ఆటోడెస్క్ కంపెనీ కొనుక్కున్నది. ఈనాడు ప్రపంచంలో పెద్ద కట్టడాలు కట్టేవారు ఎక్కువగా ఇటువంటి సాధనాలనే వాడుతున్నారు.

ఇక దీనివల్ల కలిగే లాభాలు ఒక్కొక్కటిగా చెబుతాము.

మొదటిది, తగాదాలు ముందే బయటపడడం. ఒక ఆసుపత్రి కడుతున్నారనుకోండి. గదుల నమూనా ఒకరు చేస్తారు, పిల్లర్లు బీముల నమూనా ఒకరు, నీళ్ళ పైపులు ఒకరు, కరెంటు ఒకరు, ఏ.సి. గొట్టాలు మరొకరు. ఇవన్నీ తెచ్చి ఒకదానిలో ఒకటి కలుపుతారు. ఎక్కడ పైపు బీములోకి దూరిందో, ఎక్కడ గొట్టం తలుపుకు అడ్డం వచ్చిందో యంత్రం వెతికి జాబితా ఇస్తుంది. తగలడం మాత్రమే కాదు, ఖాళీ ఉండవలసిన చోటు కూడా చెప్పవచ్చును. మెట్ల మీద ఏడడుగుల ఖాళీ ఉండాలని నియమం పెడితే, ఆ ఖాళీలోకి ఏది దూరినా చూపిస్తుంది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మాకు మా బీమే కళ్ళముందు నిలిచింది. తెర మీద దానిని జరపడానికి ఖర్చయ్యేది కాస్త సమయం. స్లాబు పడిన తరువాత జరపాలంటే ఖర్చయ్యేది ఏమిటో మాకు తెలుసు.

రెండవది, సామాను లెక్క. ఎన్ని ఇటుకలు, ఎంత కాంక్రీటు, ఎన్ని తలుపులు అన్నది నమూనాలో నుంచే తీయవచ్చును. ప్లాను మారితే లెక్కా దానితోపాటు మారుతుంది. తరుగు, ధర మాత్రం మనమే కలుపుకోవాలి. అయినా గుడ్డి అంచనా మీద ఎస్టిమేటు వేసి, సగం పనిలో చందాల కోసం మళ్ళీ తిరిగే బాధ చాలావరకు తప్పుతుంది.

మూడవది, పని వరుస. ఏ రోజు ఏ పని జరగాలో నమూనాకు జతచేస్తే, కట్టడం వారం వారం ఎలా లేస్తుందో ముందుగానే చూడవచ్చును. దీనిని వారు 4డి అంటారు. ఖర్చును కూడా కలిపితే 5డి. నాగపూర్ మెట్రో రైలు పనిలో ఈ 5డి పద్ధతిని వాడారు. ఆ మెట్రో మొదటి భాగం 2019 మార్చిలో మొదలైంది. కనుక ఇది పరాయి దేశాల వింత మాత్రమే కాదు. మన పక్క రాష్ట్రంలోనే జరిగిన పని.

నాలుగవది మాకు అన్నిటికన్నా ముఖ్యమని తోస్తుంది. ప్లాను చదవడం అందరికీ రాదు. నమూనా చూడడం అందరికీ వస్తుంది. మన ఇళ్ళల్లో ఏమి జరుగుతుంది? మగవాళ్ళం నలుగురం కూర్చొని కాగితం మీద తల ఊపుతాము. రోజుకు ఆరేడు గంటలు వంటింట్లో నిలబడే మనిషిని అడగము. అడిగినా ఆ గీతలు చూసి ఆమె ఏమి చెప్పగలదు? అదే నమూనాను తెర మీద తిప్పి చూపిస్తే, "గిన్నెలు కడిగే తొట్టి కిటికీకి ఇంత దూరమా, పొయ్యి వెనక్కి తిరిగి నీళ్ళు పట్టుకోవాలా" అని ఆమె ఇట్టే చెబుతుంది. మోకాళ్ళ నొప్పుల పెద్దాయన మెట్టు ఎత్తు చూసి చెబుతారు. ఇంటిలో ఉండబోయేవారి మాట ఇల్లు కట్టకముందే వినబడడం చిన్న లాభం కాదు.

అయిదవది, కట్టిన తరువాత ఉపయోగం. గోడలో పైపు ఎక్కడున్నదో పదేళ్ళ తరువాత ఎవరికి గుర్తుంటుంది? మేకు కొడితే నీళ్ళు చిమ్మడం మనం ఎరుగుదుము. నమూనా దాచుకొంటే గోడ పగలగొట్టకుండానే లోపలేమున్నదో చూడవచ్చును. పాత కట్టడాలకూ ఇది పనికివస్తుంది. పారిస్ నగరంలోని నోత్రదామ్ అనే ప్రాచీనమైన చర్చి 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతిన్నది. అంతకు కొన్నేళ్ళ ముందే ఆండ్రూ టాలన్ అనే చరిత్రకారుడు ఆ కట్టడాన్ని లేజరుతో అంగుళం అంగుళం కొలిచి పెట్టాడు. ఆయన 2018లో కన్నుమూశాడు. ఆ కొలతలు తిరిగి కట్టేవారికి ఆసరా అయ్యాయి. 2024 డిసెంబరులో ఆ చర్చిని మళ్ళీ తెరిచారు.

ఇప్పుడు ఒక కట్టడం గురించి చెబుతాము. ఉర్దూ పంతుళ్ళము గనుక అది మా మనసును పట్టుకొన్నది. దుబాయిలో మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ అని ఒకటి 2022 ఫిబ్రవరి 22న తెరిచారు. ఎత్తు 77 మీటర్లు, ఏడు అంతస్తులు. నడుమ పెద్ద రంధ్రమున్న ఉంగరంలాగా ఉంటుంది. తిన్నని గోడ ఒక్కటీ కనబడదు. పై తొడుగు 1,024 పలకలు. లోపల సుమారు 2,400 ఇనుప దూలాలు ఒకదానికొకటి ఏటవాలుగా అల్లుకొని ఆ బరువు మోస్తాయి. అసలు విశేషం కిటికీలు. అవి అరబ్బీ అక్షరాలు. మత్తర్ బిన్ లాహెజ్ అనే కళాకారుడు రాసిన అక్షరాలనే తొడుగులో తొలిచి అద్దం బిగించారు. పగలు ఆ అక్షరాల గుండా వెలుతురు లోపలికి వస్తుంది. రాత్రి దీపాలు వెలిగితే గోడే చదవవచ్చును.

మన పిల్లలకు నల్లబల్ల మీద అక్షరం రాయించడమే ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు. ఉర్దూలో 'దుఆ' అనే మాట మీద ఒక్క చుక్క పెడితే 'దగా' అయి కూర్చుంటుంది. అటువంటి లిపిని వంపు తిరిగిన గోడ మీద, ఒక పలక నుంచి మరొక పలకలోకి సాగేలా, వెనుక ఇనుప దూలాలతో పొసగేలా కూర్చాలి. కాగితాల మీద ఇది అయ్యే పని కాదు. కట్టేవారు కంప్యూటరు నమూనాను నడుమ పెట్టుకొని పని చేశారు. అందుకే అక్షరం అక్షరంగా నిలిచింది.

దుబాయి మాట ఎందుకు ఎత్తామంటే, మన బిడ్డలు ఎంతోమంది అక్కడ పని చేస్తున్నారు. 40 అంతస్తులు దాటిన కట్టడాలకు, 3 లక్షల చదరపు అడుగులు మించినవాటికి, ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు బిమ్ తప్పనిసరి అని దుబాయి మునిసిపాలిటీ 2013లో ఉత్తర్వు ఇచ్చింది. 2015లో ఆ హద్దును 20 అంతస్తులకు, 2 లక్షల చదరపు అడుగులకు దించింది. బ్రిటన్ ప్రభుత్వం కూడా తాను కట్టించే పనుల్లో 2016 ఏప్రిల్ నుంచి దీనిని నియమంగా పెట్టింది. అంటే గల్ఫుకు పోయే మన కుర్రవాడికి ఇనుము వంచడం, పైపు బిగించడం వస్తే సరిపోయే రోజులు తగ్గిపోతున్నాయన్నమాట.

మా బడిలో పదో తరగతి చదివి, ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసిన ఒక విద్యార్థి అక్కడికి పైపుల పనికి హెల్పరుగా వెళ్ళాడు. రాత్రిళ్ళు కూర్చొని రెవిట్ నేర్చుకొన్నాడు. ఇంగ్లీషు మాటలు అర్థం కాక ఏడుపు వచ్చేదట. ఒక్కొక్క మాటకూ ఎదురుగా ఉర్దూలో అర్థం రాసుకొని నోటుబుక్కు నింపాడు. ఇప్పుడు సైటు ఆఫీసులో కూర్చొని నమూనాలో తగాదాలు వెతికే పని చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు మాతో అన్నాడు, "సార్, మొదట్లో నేను పైపు కోసం గోడలు పగలగొట్టేవాణ్ణి. ఇప్పుడు ఏ గోడా పగలకుండా చూడడమే నా ఉద్యోగం." ఆ రోజు మాకు కలిగిన సంతోషం జీతం పెరిగిన రోజున కూడా కలగలేదు.

మంచి చెప్పినప్పుడు జాగ్రత్తలు కూడా చెప్పాలి. నమూనా మంత్రం కాదు. లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం పనిలో బిమ్‌ను చాలా గొప్పగా వాడారు. అయినా 2018 డిసెంబరులో మొదలు కావలసిన రైలు 2022 మే నెలలో గాని కదలలేదు. స్టేషన్లలో పనులు, సిగ్నళ్ళ పొందిక కుదరడానికి అంత కాలం పట్టింది. తప్పుడు కొలత ఇస్తే నమూనా తప్పునే అందంగా చూపిస్తుంది. నేల గట్టిదా మెత్తదా అన్నది గుంట తవ్వి పరీక్షిస్తే గాని తెలియదు. సిమెంటులో కల్తీని నమూనా పట్టుకోలేదు. మేస్త్రి చేతి పనితనానికి బదులు అది రాదు. పైగా సాధనాల ఖరీదు ఎక్కువ, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. రెండు గదుల ఇంటికి అంత హంగామా అక్కరలేదు. అక్కడ మెట్ల దగ్గర ఒక నిలువు కోత బొమ్మ గీయించుకొన్నా చాలును. మేము అదైనా గీయించుకొని ఉంటే బాగుండేది.

ఒక సాధనంలో చేసిన నమూనా మరొక దానిలో తెరుచుకోకపోవడం ఇంకొక చిక్కు. ఇటువంటి పొత్తు కుదరక అమెరికాలో ఏటా 1,580 కోట్ల డాలర్లు వృథా అవుతున్నాయని అక్కడి ప్రభుత్వ సంస్థ 2004లో లెక్క కట్టింది. అందుకని ఐ.ఎఫ్.సి. అనే ఉమ్మడి పద్ధతి ఒకటి ఏర్పరచారు. రెండు భాషలవాళ్ళ నడుమ దుబాసీ ఎలాగో అది అలాగు. పని అప్పగించేటప్పుడు నమూనాను ఆ పద్ధతిలో కూడా ఇవ్వాలని కాగితం మీద రాయించుకోవడం మంచిది.

ఇక మన సంగతి. మన సొసైటీ ఒక హాలు కట్టదలచింది. కింద హాలు, పైన పిల్లలకు తరగతులు, ఒక పక్క వజూ స్థలం, స్త్రీలకు వేరే మెట్లు. ఇది నూరు రూపాయలు, అయిదు వందలు చందాగా ఇచ్చినవారి డబ్బు. కూలి డబ్బులో నుంచి ఇచ్చినవారు కూడా ఈ సభలో ఉన్నారు. అందులో ఒక్క రూపాయి కూడా కట్టినదాన్ని పగలగొట్టడానికి ఖర్చు కాకూడదు. అందువల్ల మూడు మాటలు విన్నవించుకొంటున్నాము.

ఒకటి, గదుల ప్లాను, బీముల కాగితం, నీళ్ళ పైపులు, కరెంటు, ఇవన్నీ ఒకే నమూనాలో కలిపి చూడకుండా స్థలంలో ముగ్గు పోయవద్దు. రెండు, ఆ నమూనాను ఒక ఆదివారం ఇక్కడే తెర మీద వేసి స్త్రీలకు, ముసలివారికి, మేస్త్రికి, ప్లంబరుకు చూపించి, వారు చెప్పినదంతా రాసుకొనండి. మూడు, డిప్లమా గాని ఐ.టి.ఐ. గాని చదివిన మన కుర్రవాళ్ళను, ఆడపిల్లలను కనీసం ఇద్దరిని ఈ పని నేర్చుకోవడానికి ముందుకు తెండి. ఇది కూర్చొని చేసే పని గనుక ఆడపిల్లలకు కూడా అనువైనది. ఫ్రీక్యాడ్ వంటి సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. రెవిట్‌ను కూడా అర్హులైన విద్యార్థులకు ఉచితంగా ఇస్తున్నారు. కావలసినది ఒక మంచి కంప్యూటరు, ఓపిక, ఇంగ్లీషు మాటల అర్థాలు చెప్పే ఒక మనిషి. ఆ మూడవది మేము చేస్తాము. ఆదివారాలు మా ఇంటికి పంపించండి.

ఇల్లు వెతుక్కోనక్కర లేదు. బీముకు బొంత కట్టి ఉన్న ఇల్లు ఏదని అడిగితే మా వీధిలో ఎవరైనా చూపిస్తారు. పాఠం మెట్ల దగ్గర నుంచే మొదలుపెడతాము. మా అబ్బా రెండేళ్ళ క్రితం అల్లాకు ప్రియులైనారు. మేడ మీద తూర్పు కిటికీ గదిలో ఆయన పడుకొన్నది వారం రోజులు కూడా కాదు. ఆ గది ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది, గాలి చక్కగా వస్తుంది. పిల్లలు వచ్చి చదువుకోవడానికి అదే వాడుకొందాము. ఎక్కేటప్పుడు మాత్రం తొమ్మిదో మెట్టు దగ్గర తల వంచండి.